నాన్నగారి దగ్గు వినిపించడం కాదు, ఆ నిద్రమాత్రలే నన్ను కలవరపెడుతున్నాయి

ప్రశ్న: మా నాన్నగారు ఐదు నెలల క్రితం గుండెపోటుతో పోయారు. అమ్మకు 67 ఏళ్లు, తెనాలిలో ఒక్కతే ఉంటోంది. తెల్లవారుజామున వరండాలో నాన్నగారి దగ్గు వినిపిస్తోందని, ఒక్కోసారి ఆయన కాల్చే చుట్ట వాసన వస్తోందని అంటోంది. రెండు వారాలుగా సాయంత్రం పూట హాల్లో ఎవరో పిల్లలు కూర్చుంటున్నారని కూడా చెబుతోంది. బీపీ మాత్రలు వాడుతుంది. నిద్ర పట్టక మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ఆల్‌ప్రజోలామ్ వేసుకుంటోంది. అమ్మకు మతి చలించిందా? బంధువులు ఇంటికి శాంతి చేయించమంటున్నారు.
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు రెండు వేర్వేరు విషయాలను ఒకే గాటన కట్టారు. ముందుగా వాటిని విడదీయాలి.

దగ్గు వినిపించడం, చుట్ట వాసన రావడం మాత్రమే అయితే, దాన్ని మతి చలించడం అనరు. 1971లో డెవీ రీస్ అనే వైద్యుడు వేల్స్ ప్రాంతంలో భర్తనో భార్యనో కోల్పోయిన 293 మందితో మాట్లాడి ఆ వివరాలను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. వారిలో దాదాపు సగం మంది పోయినవారు పక్కనే ఉన్నట్టు అనిపిస్తోందనో, కనిపించారనో, గొంతు వినిపించిందనో చెప్పారు. దాంపత్యం ఎక్కువ కాలం సాగినవారిలో ఇవి ఎక్కువగా కనిపించాయి. పిచ్చి అనుకుంటారన్న భయమో, మరొకటో, చాలామంది ఆ సంగతి అప్పటిదాకా ఎవరితోనూ చెప్పుకోలేదు. మీ అమ్మగారు మీతో చెప్పుకోగలుగుతున్నారు, అది మంచిదే. కాబట్టి ‘అదంతా నీ భ్రమ’ అంటూ ఆమె నోరు మూయించకండి. ఆయన లేరన్న ఎరుక ఉండి, ఆ అనుభవం కొద్దిసేపే ఉండి, దానివల్ల ఆమెకు భయం కలగకుండా, వంటా స్నానమూ మామూలుగా సాగుతుంటే దానికి మందు అక్కర్లేదు. అయితే ‘ఆయన నన్ను రమ్మంటున్నారు’ అని గాని, బతకాలని లేదని గాని ఆమె అంటే మాత్రం ఒంటరిగా వదలకుండా ఆ రోజే మానసిక వైద్యుల వద్దకు తీసుకువెళ్లాలి.

ఇక ఆ పిల్లల సంగతి. భర్తను కోల్పోయిన దుఃఖంలో భర్త కనిపించడం ఒక ఎత్తు, ముక్కూ మొహమూ తెలియని పిల్లలు రోజూ సాయంత్రం హాల్లో కూర్చోవడం మరో ఎత్తు. ఈ వయసులో ఇది కొత్తగా మొదలైందంటే శరీరంలో కారణం వెతకాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం (కొన్ని రకాల బీపీ మాత్రలతో ఇది జరుగుతుంది, భోజనం సరిగా చేయనివారిలో మరింత సులువుగా), శుక్లాల వంటి కారణాలతో చూపు బాగా మందగించడం, కొన్ని రకాల మతిమరుపు వ్యాధుల తొలి దశ, వీటిలో ఏదైనా కావచ్చు. చూడకుండా ఫలానాదని చెప్పలేను, చెప్పకూడదు కూడా.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది ఆల్‌ప్రజోలామ్. అది ఎంత మోతాదో, ఎన్నాళ్లుగా వాడుతున్నారో మీరు రాయలేదు, బహుశా మీకూ తెలియదు. షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ నియంత్రిత మందుల జాబితాలో ఉన్న ఈ మందును డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు దుకాణంలో విడిగా నమోదు చేయాలి. అయినా ‘నిద్ర పట్టడం లేదు’ అనగానే షీటు చేతికి అందుతోంది. పెద్ద వయసువారిలో ఇది అయోమయాన్ని తెస్తుంది. రాత్రి బాత్రూమ్‌కు లేచినప్పుడు తూలి పడితే తుంటి ఎముక విరిగే ప్రమాదం కూడా ఉంది. కొన్ని వారాలు వాడేసరికి ఇది లేనిదే నిద్ర రాని స్థితి వస్తుంది, మోతాదు పెరుగుతూ పోతుంది. అలాగని ఈ జవాబు చదివి ఈ రాత్రే మాత్రలు దాచేయకండి. కొంతకాలంగా వాడుతున్నదాన్ని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించడం ఇంకా ఎక్కువ కావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. దాని బదులు జలుబుకూ ఎలర్జీకీ వాడే మత్తు మాత్రలు ఇవ్వడం కూడా తగదు, వాటితోనూ వృద్ధులు తికమకపడతారు.

శాంతి చేయించుకోవడం మీ ఇష్టం, అమ్మగారి మనసుకు ఊరట కలిగిస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ రెండు వారాలు ఇప్పటికే గడిచాయి, ముహూర్తం కోసం పరీక్షలను వాయిదా వేయకండి. రెండు మూడు రోజుల్లోగా జనరల్ ఫిజీషియన్‌కు చూపించి, సోడియం, షుగర్, కిడ్నీ, థైరాయిడ్, బి12, మూత్ర పరీక్షలూ, కంటి పరీక్షా అవసరమేమో అడగండి. జ్వరం, మగత, మాట తడబడటం, మనుషులను పోల్చుకోలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా అంతవరకూ ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఐదు నెలలకే దుఃఖాన్ని జబ్బుగా ముద్ర వేయను. ఆమెకు గానీ మీకు గానీ మాట్లాడే తోడు కావాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కు తెలుగులోనే ఫోన్ చేయవచ్చు. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు పేర్లు గుర్తుపెట్టుకుని చెప్పడం కాకుండా, ఇంట్లో ఉన్న మాత్రల షీట్లన్నీ, ఖాళీ అయినవి సహా, ఒక సంచిలో వేసుకుని తీసుకువెళ్లండి.