ఎఫ్‌పీఎస్ బాగానే ఉంది, ఆట ఎందుకు తడబడుతోంది?

ప్రశ్న: ఈమధ్యే 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నాను. గేమ్‌లో ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి వచ్చే ఫ్రేములు (బొమ్మలు), 80 నుంచి 100 మధ్య వస్తోంది, అంటే తక్కువేమీ కాదు. కానీ కెమెరాని పక్కకి తిప్పినప్పుడల్లా బొమ్మ అడ్డంగా చీలినట్టు కనిపిస్తోంది. వీ-సింక్ పెడితే చీలిక పోయింది గానీ ఆట బరువుగా, కుదుపులతో నడుస్తోంది. అడాప్టివ్ సింక్ ఆన్ చెయ్యమని ఒక ఫ్రెండ్, అదంతా ఉత్త ప్రచారమని ఇంకో ఫ్రెండ్. ఎవరి మాట వినాలి?

జవాబు: మొదటి ఫ్రెండ్ మాట వినండి. ఇది ప్రచారం కాదు. గత పది పదిహేనేళ్లలో పీసీ గేమింగ్‌కి వచ్చిన మంచి మార్పుల్లో నా లెక్కలో ఇదే ముందుంటుంది. ఎందుకో చెప్పాలంటే ముందు మీ మానిటర్ ఏం చేస్తోందో చూడాలి.

144 హెర్ట్జ్ అంటే మానిటర్ ప్రతి 6.94 మిల్లీసెకన్లకి ఒకసారి తెర మొత్తాన్ని పైనుంచి కిందికి కొత్తగా గీస్తుంది. దాని గడియారం దానిదే, గ్రాఫిక్స్ కార్డు ఏం చేస్తోందో దానికి పట్టదు. మీ కార్డేమో ఒక ఫ్రేమ్‌ని 10 మిల్లీసెకన్లలో, తర్వాతి దాన్ని 12లో, ఎదురుగా పేలుడు లాంటిది వస్తే ఇంకా ఆలస్యంగా తయారు చేస్తుంది. మానిటర్ సగం తెర గీసేసరికి కార్డు కొత్త ఫ్రేమ్ అందిస్తే పై సగం పాత బొమ్మ, కింది సగం కొత్త బొమ్మ అవుతాయి. మీరు చూస్తున్న చీలిక, అంటే టేరింగ్, ఇదే.

వీ-సింక్ దీన్ని ఆపుతుంది, కానీ కార్డుని ఆపి ఆపుతుంది. ఫ్రేమ్ రెడీ అయినా మానిటర్ తర్వాతి సారి గీయడం మొదలుపెట్టేదాకా అది వేచి ఉండాల్సిందే. 90 ఎఫ్‌పీఎస్ దగ్గర ఫ్రేమ్‌కి సుమారు 11.1 మిల్లీసెకన్లు పడుతుంది. మానిటర్ దగ్గర ఉన్న అవకాశాలు మాత్రం 6.94, ఆ తర్వాత 13.89. మధ్యలో ఏమీ లేదు. అందుకని కొన్ని ఫ్రేములు తెర మీద ఒక విడత ఉంటాయి, కొన్ని రెండు విడతలు ఉంటాయి. సగటు తీస్తే 90 అనే వస్తుంది, కంటికి మాత్రం ఒకటి చిన్న అడుగు, ఒకటి పెద్ద అడుగు వేస్తూ నడిచినట్టు ఉంటుంది. వీ-సింక్‌ని రెండు బఫర్లతోనే (ఫ్రేములు దాచుకునే చోట్లు) నడిపే గేమ్ అయితే ఇంకా ఘోరం, ఏకంగా 72కి పడిపోతుంది. పైగా రెడీ అయిన ఫ్రేమ్ ఊరికే వేచి ఉండటం వల్ల మౌస్ కదిలించాక తెర కదలడానికి ఆలస్యం. మీకు బరువుగా అనిపించింది అదే.

అడాప్టివ్ సింక్ ఈ వ్యవహారాన్ని తిరగేస్తుంది. ఎదురుచూడాల్సింది కార్డు కాదు, మానిటర్. ఒక బొమ్మ గీసేశాక మానిటర్ తన ఖాళీ సమయాన్ని పొడిగించుకుని కొత్త ఫ్రేమ్ వచ్చేదాకా ఆగుతుంది, రాగానే గీయడం మొదలుపెడుతుంది. 11 మిల్లీసెకన్లకి వస్తే 11కి, 12.5కి వస్తే 12.5కి. ఫ్రేములు 90 వస్తుంటే తెర 90 హెర్ట్జ్‌లో, 83 వస్తుంటే 83లో నడుస్తుంది. చీలిక ఉండదు, వీ-సింక్ తెచ్చే కుదుపూ ఉండదు, వేచి ఉండే ఆలస్యమూ బాగా తగ్గుతుంది.

గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా దీన్ని 2013 అక్టోబర్‌లో జీ-సింక్ పేరుతో ప్రకటించింది, దానికి మానిటర్‌లో ప్రత్యేకమైన చిప్ బోర్డు కావాల్సి వచ్చేది. 2014లో, తెరల ప్రమాణాలు తయారు చేసే వెసా సంస్థ ఇదే పనిని మానిటర్‌ని కంప్యూటర్‌కి కలిపే డిస్‌ప్లేపోర్ట్ 1.2ఏ ప్రమాణంలో అడాప్టివ్-సింక్ పేరుతో చేర్చింది. ఎన్విడియా పోటీ కంపెనీ ఏఎండీ తెచ్చిన ఫ్రీసింక్ దాని మీదే నిలబడింది. 2019 జనవరిలో ఎన్విడియా కూడా తన కార్డులతో అడాప్టివ్-సింక్ మానిటర్లు వాడుకోనిచ్చింది. కాబట్టి మీ మానిటర్ మీద ఫ్రీసింక్ అని రాసి ఉండి, మీది జీటీఎక్స్ 10 సిరీస్ గానీ ఆ తర్వాతి ఎన్విడియా కార్డు గానీ అయితే కంగారు పడకండి. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ పెట్టండి, చాలావరకు పని చేస్తుంది.

ఆన్ చెయ్యాల్సింది మాత్రం ఒక్క చోట కాదు. మానిటర్ బటన్లతో వచ్చే సొంత మెనూలో ఫ్రీసింక్ లేదా అడాప్టివ్ సింక్ ఆన్ చెయ్యాలి. తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ సెట్టింగ్స్‌లో ఆన్ చెయ్యాలి. తర్వాత విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి రిఫ్రెష్ రేట్ నిజంగా 144 ఉందో లేదో చూడాలి. 144 మానిటర్ కొని 60లోనే వదిలేసే వాళ్లు బోలెడు మంది. చాలా మానిటర్లకి రిఫ్రెష్ రేట్‌ని తెర మీద చూపించే సౌకర్యం ఉంటుంది, ఆట నడుస్తుంటే ఆ అంకె మీ ఎఫ్‌పీఎస్‌తో పాటు ఊగుతోందంటే సింక్ పని చేస్తున్నట్టే. 144 దగ్గరే కదలకుండా కూర్చుందంటే ఎక్కడో ఒక స్విచ్ మిగిలిపోయింది.

ప్రశ్న: ఇవన్నీ చేశాను, టేరింగ్ పోయింది, సంతోషం. కానీ ఆటలో కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టినా, కొత్త ఆయుధం మొదటిసారి పేల్చినా ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. సగటు ఎఫ్‌పీఎస్ 110. సింక్ సరిగ్గా పని చేయట్లేదా?

జవాబు: సింక్ తన పని తాను చేస్తోంది. దాని చేతిలో లేని పనిని మీరు దాన్నుంచి ఆశిస్తున్నారు. ఇది అందరూ గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మానిటర్ ఫ్రేమ్ కోసం ఎదురు చూడగలదు, ఫ్రేమ్‌ని త్వరగా తయారు చేయించలేదు. మిగతావన్నీ 9 మిల్లీసెకన్లలో వస్తూ మధ్యలో ఒక్క ఫ్రేమ్ 80 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి, ఆ 80 మిల్లీసెకన్లూ పాత బొమ్మే తెర మీద ఉంటుంది. ఏ సింకూ దాన్ని దాచలేదు. మొదటిసారి ఏదైనా చూసినప్పుడు బిగుసుకుపోవడానికి ఎక్కువగా కారణం షేడర్ కంపైలేషన్, అంటే ఆ దృశ్యానికి కావాల్సిన చిన్న ప్రోగ్రాముల్ని గేమ్ అప్పటికప్పుడు మీ కార్డుకి తగ్గట్టు సిద్ధం చేసుకోవడం. రెండోసారి అదే ఆయుధం పేలిస్తే కుదుపు రాకపోతే దాదాపు ఇదే అనుకోవచ్చు. కొన్ని గేములు మొదట తెరిచినప్పుడు షేడర్లు సిద్ధం చేస్తున్నామంటూ ఒక మెసేజ్ చూపిస్తాయి, విసుగొచ్చినా దాన్ని పూర్తి కానివ్వండి. డ్రైవర్ అప్‌డేట్ చేశాక మళ్లీ వస్తే అదీ మామూలే. కొత్త ప్రాంతంలోకి వెళ్లినప్పుడు ప్రతిసారీ వస్తుంటే మాత్రం డిస్క్ నుంచి డేటా తెచ్చుకోవడం, ప్రాసెసర్ మీద భారం, ర్యామ్ లేదా వీడియో మెమరీ చాలకపోవడం, వీటిని అనుమానించండి. గేమ్ ఇంకా పాత హార్డ్ డిస్క్ మీద ఉంటే ఎస్ఎస్‌డీకి మార్చండి. టెక్స్చర్ క్వాలిటీ ఒక మెట్టు దించి చూడండి.

సగటు ఎఫ్‌పీఎస్ చూసి మోసపోకండి. ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ పెట్టుకుని చూడండి, ఆ గీత నున్నగా సాగితే ఆట నున్నగా ఉంటుంది. గీత మీద ముళ్లలా పైకి లేస్తుంటే సగటు 200 ఉన్నా చిరాకే. '1% లో' (1% low), అంటే అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన 1 శాతం ఫ్రేముల వేగం చెప్పే అంకె కూడా ఇందుకే పనికొస్తుంది.

ఇంకో సూక్ష్మమైన సంగతి ఉంది, దీని గురించి తక్కువ మందే మాట్లాడతారు. గేమ్ ఒక ఫ్రేమ్ తయారు చేసేటప్పుడు పాత్ర ఎంత దూరం కదలాలో సాధారణంగా అంతకుముందు ఫ్రేమ్ ఎంతసేపు పట్టిందో చూసి లెక్కేస్తుంది. ఫ్రేమ్ టైమ్‌లు 8, 18, 9, 16 అంటూ ఎగుడుదిగుడుగా ఉంటే ఆ లెక్క తప్పుతుంది, బొమ్మ సరైన వేళకే తెర మీదికి వచ్చినా అందులోని కదలిక ఆ వేళకి సరిపోదు. అందుకే అడాప్టివ్ సింక్ ఉన్నా, 60కీ 120కీ మధ్య ఊగిసలాడే ఆట కంటే 80 దగ్గర నిలకడగా నడిచేది నున్నగా అనిపిస్తుంది. ఎఫ్‌పీఎస్‌కి లిమిట్ పెట్టడం తగ్గింపు అనుకోకండి. మీ సిస్టమ్ ఎప్పుడూ ఇవ్వగలిగే అంకె దగ్గర కట్టేసి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: లిమిట్ 144 దగ్గర పెట్టాలా, 141 దగ్గరా? ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతున్నారు.

జవాబు: 144 వద్దు, కొంచెం కింద పెట్టండి. 138 నుంచి 141 మధ్య ఏదైనా సరే, ఆ మూడు ఫ్రేముల కోసం గొడవ పడక్కర్లేదు. మానిటర్ గరిష్ఠ వేగాన్ని ఫ్రేములు దాటితే అడాప్టివ్ సింక్ పరిధి అయిపోతుంది. అక్కడి నుంచి వీ-సింక్ ఆన్‌లో ఉంటే పాత ఆలస్యం మళ్లీ వస్తుంది, ఆఫ్‌లో ఉంటే చీలిక మళ్లీ వస్తుంది. సరిగ్గా 144కి కట్టినా ఒకటీ అరా ఫ్రేములు ముందే వచ్చి గీత దాటేస్తుంటాయి. ఎన్విడియా వాళ్లకి నా సలహా: డ్రైవర్‌లో జీ-సింక్‌తో పాటు వీ-సింక్ కూడా ఆన్, గేమ్ లోపల వీ-సింక్ ఆఫ్, పైన చెప్పిన లిమిట్. పరిధి లోపల ఉన్నంతసేపు ఆ వీ-సింక్ పాతకాలం పద్ధతిలో అడ్డుపడదు, అప్పుడప్పుడు తెర అడుగున కనిపించే చిన్న చీలికల్ని మాత్రం ఆపుతుంది. ఈ సెట్టింగ్స్‌తో పాటు గేమ్‌లో రిఫ్లెక్స్ (ఆలస్యం తగ్గించే ఎన్విడియా సెట్టింగ్) కూడా ఆన్ చేస్తే లిమిట్ అదే పెట్టుకుంటుంది.

పోటీల కోసం షూటర్ గేములు ఆడుతూ 300 ఎఫ్‌పీఎస్ తెచ్చుకునే వాళ్లు ఏ సింకూ లేకుండా ఆడతామంటే కాదనను, ఆలస్యం అందులోనే అన్నిటికంటే తక్కువ. మిగతా అందరికీ పై సెట్టింగే మేలు.

ప్రశ్న: నాది 48 నుంచి 75 హెర్ట్జ్ ఫ్రీసింక్ మానిటర్. కార్డు పాతది, పెద్ద గేముల్లో 40 దాటదు. సింక్ ఆన్ చేసినా తేడా లేదేం?

జవాబు: 48 కంటే కిందికి దిగితే మీ మానిటర్ పరిధి దాటిపోయినట్టే. పెద్ద పరిధి ఉన్న మానిటర్లలో దీనికి ఎల్ఎఫ్‌సీ అనే ఉపాయం ఉంది: ఫ్రేములు 40కి పడితే ప్రతి ఫ్రేమ్‌నీ రెండుసార్లు చూపించి తెరని 80 హెర్ట్జ్‌లో నడుపుతారు. 48 నుంచి 144 పరిధిలో 80 హాయిగా ఇముడుతుంది. మీ మానిటర్ 75 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి 40ని రెట్టింపు చేసే చోటు లేదు. గరిష్ఠం కనిష్ఠానికి రెండు రెట్లకి పైగా ఉంటేనే ఈ ఉపాయం సాధ్యం. మానిటర్ కొనేటప్పుడు డబ్బా మీది లోగో కంటే ఈ పరిధి చూడటం ముఖ్యం అని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

ప్రస్తుతానికి సెట్టింగ్స్ తగ్గించి 50 పైన ఉండేలా చూసుకోండి. నీడలు, రిఫ్లెక్షన్లు ముందు తగ్గించండి, కంటికి పెద్దగా తెలియకుండానే బోలెడు ఫ్రేములు తిరిగొస్తాయి. ఇంకో మాట, మంచి మానిటర్ కొన్నా 40 ఎఫ్‌పీఎస్ 40లాగే ఉంటుంది. ప్రతి బొమ్మ 25 మిల్లీసెకన్లు తెర మీద నిలబడుతుంది కాబట్టి కదిలేటప్పుడు మసక తప్పదు. సింక్ కుదుపు తీస్తుంది, వేగాన్ని పుట్టించదు.

ప్రశ్న: కొత్త ఓఎల్ఈడీ మానిటర్. చీకటి గదుల సీన్లలో, లోడింగ్ స్క్రీన్లలో తెర మిణుకుమిణుకుమంటోంది. మానిటర్ పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: పాడైపోలేదు, ఊపిరి పీల్చుకోండి. ఓఎల్ఈడీలోనూ, వీఏ రకం ఎల్‌సీడీ ప్యానెల్స్‌లోనూ ఇది తెలిసిన లక్షణమే. ప్యానెల్ వెలుతురుని కొన్ని నిర్దిష్ట రిఫ్రెష్ రేట్ల దగ్గర సరిచూసి పెడతారు. ఫ్రేమ్‌కి ఫ్రేమ్‌కి మధ్య విరామం ఉన్నట్టుండి మారితే ఆ వెలుతురు కూడా కొద్దిగా మారుతుంది, అది ముదురు బూడిద రంగుల్లో కంటికి చిక్కుతుంది. లోడింగ్ స్క్రీన్లో ఎఫ్‌పీఎస్ ఒక్కసారి ఎగిరి ఒక్కసారి పడుతుంది కదా, అందుకే అక్కడ ఎక్కువ. ఫ్రేములు నిలకడగా ఉంటే మిణుకు తగ్గుతుంది, కాబట్టి లిమిట్ ఇంకొంచెం కిందికి దించండి. మానిటర్ మెనూలో మిణుకు తగ్గించే ఆప్షన్ ఏదైనా ఉంటే వాడండి. అయినా ఒక గేమ్‌లో భరించలేకపోతే ఆ ఒక్క గేమ్‌కే డ్రైవర్‌లో సింక్ ఆపేయండి, మిగతావాటికి ఉంచుకోండి. తెర మొత్తం ఒక క్షణం నల్లగా అయిపోయి తిరిగొస్తుంటే మాత్రం అది వేరే కథ, ముందు కేబుల్ మార్చి చూడండి.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 డైనమిక్ రిఫ్రెష్ రేట్ అని చూపిస్తోంది. అడాప్టివ్ సింక్ అంటే ఇదేనా?

జవాబు: కాదు. అది బ్యాటరీ కోసం. మీరు స్క్రోల్ చేసేటప్పుడు 120కి పెంచి, చదువుతూ కూర్చున్నప్పుడు 60కి దించుతుంది. గేమ్ ఫ్రేములతో అడుగు కలపడం దాని పని కాదు. మీ ల్యాప్‌టాప్ తెరకి అడాప్టివ్ సింక్ ఉందో లేదో మోడల్ వివరాల్లో విడిగా చూడండి. ఉండి కూడా పని చేయట్లేదంటే, తెరకి సిగ్నల్ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ద్వారా వెళ్తోందేమో గమనించండి. గేమింగ్ కార్డుకి తెరని నేరుగా కలిపే మక్స్ స్విచ్ ఉంటే దాన్ని మార్చి, ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి.