చంద్రగిరి కోట చుట్టూ తిరిగితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా పాప బీఏ రెండో సంవత్సరం. ఆదివారమైతే చాలు, చంద్రగిరి కోటకో దుగరాజపట్నం తీరానికో పోయి చరిత్ర వీడియోలు చేస్తుంది. ఎంఏ హిస్టరీ చదువుతానంటోంది. దీంతో బతుకుతెరువు ఉంటుందా? - ఒక తండ్రి, తిరుపతి

జవాబు: ఎంఏ పట్టా ఒక్కదాన్నే నమ్ముకుంటే కష్టమే. ముందే చెప్పేస్తున్నా. అలాగని మాన్పించకండి.

మీరు పంపిన వీడియో చూశాను. మద్రాసు స్థలాన్ని ఇంగ్లీషువాళ్లకు 1639లో చంద్రగిరి రాజు శ్రీరంగరాయలు రాసిచ్చాడని పాప చెప్పింది. ఆ ఏడాది ఇచ్చింది, రాజు కింద ఆ తీరాన్ని పాలించిన దామర్ల వెంకటాద్రి నాయకుడు. శ్రీరంగరాయలు పట్టా ఇచ్చింది 1645లో. రెండు కాగితాలు, ఆరేళ్ల తేడా. కోటలో నిలబడి చెబితే కథ బాగానే ఉంటుంది, ఇంటర్వ్యూలో చెబితే దొరికిపోతుంది. ఏ మాట ఎక్కడ చదివిందో, ఎవరు చెప్పారో నోట్‌బుక్‌లో రాసుకునే అలవాటు ఇప్పుడే చేయించండి.

దుగరాజపట్నం మాత్రం మంచి ఎంపిక. మద్రాసుకంటే ముందే, 1626 ప్రాంతంలో, ఇంగ్లీషువాళ్లు అక్కడ దిగారు. వాళ్ల కాగితాల్లో ఆ ఊరు 'ఆర్మగాన్'. కింద పులికాట్‌లో అప్పటికే డచ్చివాళ్ల కోట ఉంది. చివరికి బట్ట చవగ్గా దొరికే చోటు వెతుక్కుంటూ మద్రాసుకు మారారు. ఈ కథను అక్కడి జాలర్లు ఎలా చెప్పుకుంటారు? గాలులకు, పడవలో భాగాలకు వాళ్లు వాడే పేర్లేంటి? పెద్దవాళ్లను అడిగి రికార్డు చేయమనండి. నన్నడిగితే వీడియోలకంటే అదే విలువైన పని.

మీ ఇంట్లో తమిళం మాట్లాడతారా? మన వైపు చాలా ఇళ్లలో ఉన్నదే కదా. అయితే చదవడం, రాయడం కూడా నేర్పించండి. తిరుమల శాసనాల్లో ఎక్కువభాగం తమిళమే. నా దగ్గరికొచ్చే హిస్టరీ పిల్లల్లో రెండు భాషలూ చదవగలిగేవాళ్లు అరుదు.

చదువు సంగతి: ఎస్వీ యూనివర్సిటీలో ప్రాచీన చరిత్ర, పురావస్తు శాఖ ఉంది. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పాలంటే పీజీ తర్వాత నెట్ అనే అర్హత పరీక్ష రాయాలి. తవ్వకాల మీద మనసుంటే గ్రేటర్ నోయిడాలోని పురావస్తు సంస్థలో రెండేళ్ల డిప్లొమా ఉంది. గ్రూప్స్‌కీ ఈ చదువు పనికొస్తుంది. మీ టెన్షన్ తగ్గాలంటే మధ్యలో బీఈడీ చేయించండి, డీఎస్సీ దారి తెరిచి ఉంటుంది.

ఈ సెలవుల్లో ఒకరోజు పాత సర్కారు కాగితాలు దాచే చోటు, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు తీసుకెళ్లండి. కాలేజీ నుంచి లెటర్ తీసుకోండి. పెన్ను వద్దు, పెన్సిల్ పెట్టుకోమనండి.