ఆర్‌సీ విమానం ఎగరేసే ముందు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి రేడియో కంట్రోల్ విమానాల మీద వచ్చిన ప్రశ్నలు తీసుకున్నాం. అడిగినవాళ్ల పేర్లు వెయ్యడం లేదు, ఊరు మాత్రం వేస్తున్నాం.

ప్రశ్న: సార్, మేం ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. కాలేజీ పోటీ కోసం ఫోమ్ బోర్డుతో విమానం చేశాం. ముందు రోజు ఐలరాన్లను (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) తిప్పే రెండు సర్వోలూ (చిన్న మోటర్లు) మార్చాం. ఎగరేసే ముందు ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) స్టిక్కులన్నీ ఆడించి చూస్తే అన్నీ కదిలాయి. తీరా లేవగానే ఎడమకు ఒరిగింది, కుడికి స్టిక్ కొడితే ఇంకా ఒరిగిపోయి బోర్లా పడింది. సిగ్నల్ పోయిందంటారా? (వరంగల్)

జవాబు: సిగ్నల్ పోలేదు తమ్ముడూ. అది చక్కగా అందబట్టే మీరు కుడికి కొట్టిన ప్రతిసారీ విమానం ఎడమకు ఇంకాస్త ఒరిగింది. ఐలరాన్లు రివర్స్‌లో ఉన్నాయి. సర్వో బిగించిన వైపు మారినా, హార్న్‌కి (సర్వో మీద తిరిగే చిన్న చెయ్యి) అవతలి పక్క పుష్‌రాడ్ (ఐలరాన్‌ని నెట్టే కడ్డీ) తగిలించినా, కొత్త కంపెనీ సర్వో పాతదానికి ఎదురు దిశలో తిరిగేదైనా ఇదే జరుగుతుంది. రిపేరు చేశాక మొదటిసారి ఎగరేస్తే పడిపోయిందని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది దీని గురించే.

మీరు కదులుతున్నాయా లేదా అని చూశారు గానీ ఎటు కదులుతున్నాయో చూడలేదు. ఇకమీదట ఇలా చెయ్యండి. విమానం తోక మీ వైపు ఉండేలా పెట్టి వెనక నిలబడండి. మనవాళ్లలో చాలామంది మోడ్ 2 అనే స్టిక్కుల అమరికలోనే ఎగరేస్తారు కాబట్టి ఐలరాన్ కుడి స్టిక్ మీద ఉంటుంది. ఆ స్టిక్ కొస మీద బొటనవేలు నిటారుగా నిలబెట్టి కుడికి వంచండి. వేలు ఎటు వాలిందో ఆ వైపు ఐలరాన్ పైకి లేవాలి, రెండోది కిందికి దిగాలి. ఈ ఒక్క గుర్తు పెట్టుకుంటే ఎంత టెన్షన్‌లో ఉన్నా తప్పు పోదు. స్టిక్ మీ వైపు లాగితే ఎలివేటర్ (తోక మీది అడ్డ పలక) వెనక అంచు పైకి లేవాలి. రడ్డర్ (తోక మీది నిలువు పలక) కుడికి అంటే దాని వెనక అంచు కుడికి రావాలి, ముందు చక్రం తిరిగేదైతే అదీ కుడికే తిరగాలి. "కుడి ఐలరాన్ పైకి, ఎడమ ఐలరాన్ కిందికి" అని నోటితో అంటూ చేస్తే పక్కనున్న స్నేహితుడు కూడా చూసి ఒప్పుకునే వీలుంటుంది. చూడకుండా ఊ కొట్టేవాణ్ణి మాత్రం ఆ పనికి పెట్టకండి.

మీ విమానంలో గైరో (ఒరిగితే తనంతట తానే సరిచేసే పరికరం) ఉందో లేదో రాయలేదు. ఉంటే స్టిక్కుల దిశ సరిగ్గా ఉన్నంత మాత్రాన సరిపోదు, గైరో దిశ వేరేగా చూడాలి. గైరో ఆన్ చేసి, స్టిక్కులు ముట్టుకోకుండా విమానాన్ని చేత్తో పట్టుకుని కుడి రెక్కను చటుక్కున కిందికి వంచండి. కుడి ఐలరాన్ కిందికి దిగాలి, అంటే పడుతున్న రెక్కను పైకి లేపే ప్రయత్నం చెయ్యాలి. ముక్కు కిందికి వంచితే ఎలివేటర్ పైకి లేవాలి. ఇవి తిరగబడి ఉంటే మీరు స్టిక్ ఎంత బాగా వాడినా గైరోయే విమానాన్ని పడేస్తుంది, అదీ మీరు చెప్పినంత వేగంగానే.

ట్రాన్స్‌మిటర్ స్క్రీన్ మీద మోడల్ పేరు కూడా చదవండి. ఒకే ట్రాన్స్‌మిటర్‌తో రెండు మూడు విమానాలు ఎగరేసేవాళ్లు పోయినసారి వాడిన మోడల్ మెమరీతోనే బయల్దేరుతుంటారు, అందులో రివర్స్‌లు, ట్రిమ్‌లు (చిన్న సర్దుబాట్లు) వేరే విమానానివి ఉంటాయి. కొన్ని సెట్లు మోడల్ సరిపోకపోతే కనెక్ట్ కావు గానీ అన్నీ అలా ఉండవు.

ప్రశ్న: ముందు ట్రాన్స్‌మిటర్ ఆన్ చెయ్యాలా, విమానమా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. (ఒంగోలు)

జవాబు: ముందు ట్రాన్స్‌మిటరే. థ్రాటిల్ (మోటర్ వేగం స్టిక్) పూర్తిగా కిందికి ఉందని, మోటర్ తిరగకుండా ఆపే థ్రాటిల్ కట్ స్విచ్ పడి ఉందని చూసుకుని ఆ తర్వాతే విమానంలో బ్యాటరీ పెట్టండి. దిగాక ముందు విమానం బ్యాటరీ తీసి, చివర్న ట్రాన్స్‌మిటర్ ఆపండి. విమానం ఎప్పుడు ఆన్‌లో ఉన్నా దాన్ని శాసించేది ఒకటి ఉండి తీరాలి, అంతే. బ్యాటరీ కలిపే క్షణంలో చెయ్యి గానీ ముఖం గానీ ప్రొపెల్లర్ తిరిగే మేర ఉండకూడదు.

ప్రశ్న: నేను రిటైరయ్యాక మళ్లీ ఈ హాబీ మొదలుపెట్టాను. మా రోజుల్లో 35, 72 మెగాహెర్ట్జ్ సెట్లు, చానెల్ నిర్ణయించే క్రిస్టళ్లు, పొడుగాటి ఏరియల్ ఉండేవి. ఒకే చానెల్ మీద ఇద్దరు ఆన్ చేస్తే ఎవరో ఒకరి విమానం పోయేది. 2.4 గిగాహెర్ట్జ్ వచ్చాక ఆ బాధ లేదు కాబట్టి రేంజ్ చెక్ (సిగ్నల్ ఎంత దూరం అందుతుందో చూడటం) అవసరం లేదని మా కుర్రాళ్లు అంటున్నారు. నిజమేనా? (విశాఖపట్నం)

జవాబు: కుర్రాళ్లు సగమే నిజం చెప్పారండీ. పాత చానెల్ గొడవ లేదన్నది నిజం, ఇప్పటి సెట్లు విమానంలోని తమ రిసీవర్‌ని గుర్తుపట్టి దాంతోనే మాట్లాడతాయి. కానీ ఏరియల్ తెగినా, నలిగినా, కార్బన్ ఫైబర్ వెనక దాగినా రేంజ్ పడిపోతుంది. పైగా 2.4లో సిగ్నల్ బలహీనపడుతున్నట్టు ముందుగా సర్వోలు వణికి చెప్పవు, బాగున్నంతసేపు బాగుండి ఒక్కసారిగా పోతుంది. అందుకే కొత్త విమానానికి, రిపేరు చేసినదానికి, గట్టిగా దిగినదానికి రేంజ్ చెక్ చెయ్యాల్సిందేనని నా పట్టుదల.

సెట్టులో రేంజ్ చెక్ మోడ్ ఉంటుంది, అది పవర్ బాగా తగ్గిస్తుంది. ఎంత దూరం పోవాలో మాన్యువల్‌లో ఉంటుంది, చాలా సెట్లకు ముప్పై అంగలేస్తే సరిపోతుంది. ఒకరు విమానాన్ని వెనకనుంచి గట్టిగా పట్టుకోవాలి, మీరు నడుస్తూ స్టిక్కులు ఆడించాలి. మోటర్ ఆపి ఒకసారి, తిప్పి ఒకసారి చూడండి, ఎందుకంటే స్పీడ్ కంట్రోలర్ (మోటర్ వేగాన్ని మార్చే పరికరం) సిగ్నల్‌కి చేసే ఆటంకం మోటర్ తిరిగితే గానీ బయటపడదు. ఎక్కడైనా ఆగి ఆగి కదిలితే ఆ రోజుకి ఎగరెయ్యకండి.

రిసీవర్ ఏరియల్ వైరులో పైన కవచం లేని చివరి ముక్క మూడు సెంటీమీటర్లు ఉంటుంది చూడండి. 2.4కి తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, ఈ ముక్క అందులో నాలుగో వంతు. పని చేసేది అదే, మిగతాదంతా దారి మాత్రమే. పొడుగ్గా ఉందని దాన్ని కత్తిరించినా మడిచినా రేంజ్ పోతుంది. రెండు ఏరియళ్లు ఉంటే ఒకదానికొకటి లంబంగా పెట్టండి. ట్రాన్స్‌మిటర్ ఏరియల్ కొసను విమానం వైపు గురిపెట్టడం మన పాత అలవాటు, అది మానెయ్యండి, కొసవైపు సిగ్నల్ అన్నిటికన్నా తక్కువ.

అలాగే ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే మోటర్ దానంతటదే ఆగే ఏర్పాటు. ప్రొపెల్లర్ విప్పేసి, మోటర్ కొంచెం తిప్పి, ట్రాన్స్‌మిటర్ ఆపెయ్యండి. మోటర్ ఆగిపోవాలి. ఆగకుండా అదే స్పీడులో తిరుగుతూ ఉంటే ఆ విమానం సిగ్నల్ పోయాక ఫుల్ పవర్‌తో ఎవరి ఇంటిమీదికైనా పోగలదు. మళ్లీ బైండ్ చేసినప్పుడల్లా (ట్రాన్స్‌మిటర్‌నీ రిసీవర్‌నీ జతపరిచినప్పుడల్లా) ఈ పరీక్ష కూడా మళ్లీ చెయ్యండి.

ప్రశ్న: సార్, మా అబ్బాయి పరీక్షలని విమానం సామానంతా అల్మరాలో పెట్టేశాం. ఇప్పుడు తీస్తే ట్రాన్స్‌మిటర్ బ్యాటరీ అరలో తెల్లటి పొడి ఉంది. ఆన్ చేస్తే స్టిక్ వదిలేసినా రెక్క దగ్గరది వణుకుతోంది. పారేయాలా? (గుంటూరు)

జవాబు: పారేయకండమ్మా. ఆ పొడి ఆల్కలైన్ సెల్స్ కారి గడ్డకట్టింది. అది చర్మాన్ని మండిస్తుంది, గ్లవ్స్ వేసుకోండి, కళ్లకు తగలనివ్వకండి. సెల్స్ తీసేసి, పొడిని ఎండు బ్రష్‌తో దులిపి, దూదిపుల్లను వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో కొద్దిగా తడిపి స్ప్రింగులు తుడవండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. స్ప్రింగు నుంచి పోయే వైరు చివర్న చూడండి, లోపలి రాగి నల్లబడి ఉంటే ఆ వైరు మార్పించాలి, పైకి బాగున్నట్టే ఉండి గాల్లో ఉండగా కరెంటు ఆగిపోతుంది.

వణుకు సంగతి. స్క్రీన్ మీద సర్వో మానిటర్ (స్టిక్ కదలికను గీతలతో చూపేది) తెరిచి స్టిక్ వదిలెయ్యండి. గీత అక్కడ కూడా ఆడుతుంటే తప్పు స్టిక్‌లో ఉంది, ఆడకపోతే విమానంలోని సర్వోలో ఉంది. తక్కువ ధర సెట్లలో స్టిక్ కింద పొటెన్షియోమీటర్ (స్టిక్ ఎటు ఉందో చెప్పే భాగం) ఉంటుంది, దుమ్ము పడితే, అరిగితే ఇలా వణుకుతుంది. స్టిక్‌ని ఆ చివర నుంచి ఈ చివరకు చాలాసార్లు తిప్పి, మాన్యువల్ ప్రకారం కాలిబ్రేషన్ చేయించండి. తగ్గకపోతే ఆ భాగం మార్చాలి, ఖరీదు పెద్దగా ఉండదు. తలుపు బందులకు వేసే నూనె స్ప్రే మాత్రం లోపల కొట్టనివ్వకండి. హాల్ సెన్సర్ స్టిక్కుల్లో రాపిడి ఉండదు, అయస్కాంతంతో పని చేస్తాయి కాబట్టి ఈ బాధ తక్కువ.

అల్మరాలో లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు కూడా ఉండి ఉంటాయి, అవి ఉబ్బాయేమో ముందు చూడండి. ఉబ్బినదాన్ని చార్జింగ్ పెట్టొద్దు. బాగున్నవైతే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర దాచాలి, 4.2కి నింపి నెలల తరబడి ఉంచకూడదు. మన ఎండల్లో కారులోనూ, అటక మీదా అసలు పెట్టకూడదు. అబ్బాయి మళ్లీ మైదానానికి వెళ్లే ముందు ట్రాన్స్‌మిటర్‌లో కొత్త సెల్స్ వేసి, అరగంట ఇంట్లోనే ఆన్‌లో ఉంచి వోల్టేజ్ మధ్యలో పడిపోవడం లేదని చూడమనండి, ఆ తర్వాత పైన విశాఖ ఆయనకు చెప్పిన రేంజ్ చెక్ చేయించండి.