మిక్సీ ఆగిపోతే రిపేరా, కొత్తదా? మా ఇంట్లో తద్దినం రోజు ఏమైందంటే

"ఎనిమిదేళ్ల మిక్సీ ఇడ్లీపిండి రుబ్బుతుంటే ఆగిపోయింది, బాగు చేయించాలా, కొత్తది కొనాలా" అని అడిగారు. మీ జవాబు మీ ప్రశ్నలోనే ఉందండీ. ఇడ్లీపిండి అన్నారు చూశారా, జబ్బు అక్కడుంది.

మాది విజయవాడ సత్యనారాయణపురం. కిందటేడు మాఘమాసంలో మా మామయ్యగారి తద్దినం. భోక్తలు పదకొండున్నరకి వస్తామన్నారు. ఎనిమిదింటికి గారెల పప్పు మిక్సీలో వేశాను. మూడో వాయి సగంలో ఉండగా మూలుగు మొదలైంది, కమురు వాసన వచ్చింది, ఆగిపోయింది. అడుగున ఎర్ర బటన్ ఉంటుంది కదా, వేడెక్కితే అదే కట్ చేస్తుంది. పావుగంట ఆగి నొక్కాను. ఒక్క చుట్టు తిరిగింది. జారు కిందనుంచి సన్నగా పొగ. ఇక లేవలేదు.

జారులో పప్పు సగం నలిగి, సగం పలుకుగా ఉంది. పక్కింటావిడ తలుపు దగ్గరికొచ్చి "మా మిక్సీ ఇస్తాను తీసుకోండి" అంది. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "ఉల్లిపాయ నూరిన జారమ్మాయ్, ఇవ్వాళ పనికిరాదు. మన రోలు ఏదీ?" అన్నారు.

రోలు బాల్కనీలో ఉంది, దానిమీద చెక్క, చెక్కమీద కరివేపాకు కుండీ. పొత్రం పడగ్గది తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాం. మా వారు అప్పటికే మడిలో ఉన్నారు. మా మరిది ఇంకా స్నానం చెయ్యలేదు కాబట్టి అతనే కుండీ దించి, రోలు వంటింటి గుమ్మం దాకా జరిపి, పీచు పెట్టి మూడుసార్లు కడిగాడు. ఆపైన అత్తయ్యగారు మడినీళ్లు పోసి కూర్చున్నారు. ఆవిడకి డెబ్బై నాలుగేళ్లు. కుడిచేత్తో పొత్రం తిప్పుతూ, ఎడమచేత్తో అంచుకి ఎక్కిన పిండిని గుంటలోకి తోస్తూ, మధ్యమధ్య చేతివేళ్లతో నీళ్లు చిలకరిస్తూ గంటంబావు రుబ్బారు. నేను పడతానంటే "నువ్వు నీళ్లెక్కువ పోస్తావు" అని పొత్రం వదల్లేదు. చివర్న ఇంత పిండి తీసి గ్లాసు నీళ్లలో వేస్తే బెండులా తేలింది.

ఆ గారెలు తిన్నాక నాకు ఒక విషయం అర్థమైంది. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి పప్పుని కోస్తుంది, ఆ వేగానికి పిండి వేడెక్కుతుంది. రోలు నెమ్మదిగా నలుపుతుంది, పిండిలోకి గాలి ఎక్కుతుంది. పైగా మినప్పిండి నలిగేకొద్దీ జిగురై బ్లేడుని పట్టేస్తుంది, ఆ బరువంతా మోటారు మీదే. పచ్చడికి సరిపోయే యంత్రంతో గ్రైండర్ పని చేయించి, ఆగిపోయిందని కంపెనీని తిట్టుకుంటున్నాం. కంపెనీల తప్పూ ఉంది. మా కొత్త మిక్సీ అడుగున రేటింగ్ 30 నిమిషాలు అని చీమతలకాయంత అక్షరాలతో ఉంది. అంటే ఏకధాటిగా తిప్పకుండా ఆపి ఆపి వాడాలి అని షాపులో ఒక్కరైనా చెప్పారా? ఐదో జారు ఫ్రీ అని మాత్రం నాలుగుసార్లు చెప్పారు.

అసలు మన మిక్సీ పుట్టిందే మోటారు కాలిపోవడం వల్ల. 1960ల్లో సీమెన్స్‌లో పనిచేసే ఇంజినీరు సత్యప్రకాశ్ మాథుర్ గారింట్లో జర్మనీ మిక్సర్ మన వంటకి తట్టుకోలేక కాలిపోయిందట. భార్య మాధురి గారి కోసం ఆయన మన వంటకి ఆగే మోటారుతో చేసిందే సుమీత్ మిక్సీ. ఒక ఇల్లాలి ఇబ్బంది మొత్తం దేశం వంటిళ్లని మార్చింది.

మా మిక్సీ సంగతికొస్తే, మెకానిక్ విప్పి చూసి ఆర్మేచర్, అంటే మోటారులో తిరిగే తీగచుట్ట, కాలిందన్నాడు. 1,400 అవుతుంది, మూడు నెలలే గ్యారంటీ అన్నాడు. తొమ్మిదేళ్ల మిక్సీకి అంత పెట్టడం దండగని నాలుగు రోజులు కందిపొడితో, నిమ్మకాయ పులిహోరతో మావాడి బాక్సు సర్దాను. ఐదో రోజు 750 వాట్లది 4,200 పెట్టి షాపులోనే కొన్నాను. ఆన్‌లైన్లో తక్కువకొస్తుందని మా వారు అన్నారు కానీ, వీధి చివర మెకానిక్ దగ్గర కప్లర్ (జారుని మోటారుకి కలిపే పళ్ల చక్రం), బ్రష్‌లు (మోటారుకి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) దొరికే రకమే కొనాలి. ఈ మాట మీదనుంచి నేను కదలను.

నా కడుపుమంట జార్ల గురించి. పాత మిక్సీవి మూడు స్టీలు జార్లు, బ్లేడు పదును కూడా పోలేదు. కొత్తదానికి ఒక్కటీ పట్టదు. ఐరోపాలో 2024 చివరి నుంచి కొత్త ఫోన్లన్నిటికీ ఒకటే చార్జింగ్ పిన్ను ఉండాలని రూలు పెట్టారు. మిక్సీ జారుకి ఒకటే కొలత పెట్టడం అంతకన్నా కష్టమా? మన కేంద్రం కూడా 2022 డిసెంబరులో కొన్న వస్తువుని బాగు చేయించుకునే హక్కు కోసం రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. అక్కడ ముందు మాట్లాడాల్సింది ఆడవాళ్ల చేతిలో రోజూ నలిగే ఈ సామాన్ల గురించి. మంచి జార్లు అటకెక్కి కూర్చుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మీరు ముందు ప్లగ్గు తీసేసి, జారు అడుగున ఉన్న చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుపోయుంటే జారు బుష్ (బ్లేడు ఇరుసు తిరిగే చిన్న గొట్టం) పోయింది, తక్కువలో అయిపోతుంది. కప్లర్ పళ్లు అరిగినా, కార్బన్ బ్రష్‌లు అరిగినా బాగు చేయించండి. కాలిన వాసన వచ్చి మోటారే పోయిందంటే మాత్రం డబ్బు పొయ్యకండి, కొత్తది తెచ్చుకోండి. వీలైతే రెండు లీటర్ల కోయంబత్తూరు గ్రైండర్ ఒకటి కొనుక్కోండి, వాటికి ఆ ఊరి ప్రత్యేక సరుకని చెప్పే జీఐ గుర్తింపు కూడా ఉంది. మేం ఉగాదికి కొన్నాం. ఇడ్లీపిండి, గారెలపిండి అందులోనే వెయ్యండి. కొత్త మిక్సీలో మళ్లీ మినప్పప్పు పొయ్యకండి.