చీటీ రాసి పంపితే సరిపోదమ్మా

చిరంజీవి అమ్మాయికి, గుంటూరు నుంచి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

విజయవాడ సింగ్ నగర్ బడికి ప్రధానోపాధ్యాయురాలిగా వెళ్తున్నావనీ, ఏఎన్ఎమ్‌నూ అంగన్‌వాడీ టీచర్‌నూ సచివాలయం మహిళా పోలీసునూ నెలకోసారి బడిలో కూర్చోబెట్టి పిల్లల సంగతులు మాట్లాడించబోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషించానో అంత గుబులూ పట్టుకుంది.

సమావేశం తేదీ మార్చకు. ఇనుము మాత్రలు భోజనం తర్వాతే ఇప్పించు, పిల్లల సహాయ ఫోను 1098 నంబరు గోడమీద పెద్దగా రాయించు. ఇవి నీకు తెలిసినవే.

బడి పిల్లలకు వైద్య పరీక్షలు చేసే బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైన కొత్తలో, మా ఐదో తరగతిలో ఒక పిల్లవాడు పిలిస్తే పలికేవాడు కాదు. పొగరనుకుని రెండుసార్లు బెంచీ ఎక్కించాను. వైద్య బృందం వచ్చి చూస్తే వాడి రెండు చెవుల్లోనూ చీము! పెద్దాసుపత్రికి వెళ్లమని వారు చీటీ రాస్తే, నేను రిజిస్టరులో ‘పంపడమైనది’ అని ఎర్ర సిరాతో రాసి సంతకం చేశాను. అది జనవరి. తల్లిదండ్రులు మిర్చి యార్డు కూలీలు. సీజన్‌లో ఓపీ వరుసలో నిలబడితే ఆ రోజు కూలి పోయినట్టే. ఏప్రిల్‌లో వాడి కంపాసు పెట్టె కిందపడి తెరుచుకుంటే, చింతపిక్కల అడుగున ఆ చీటీ నాలుగు మడతలతో అలాగే ఉంది. ఆ మూడు నెలలూ వాణ్ణి నేను తిడుతూనే ఉన్నాను. మర్నాడు నేనే ఆటోలో తీసుకెళ్లాను. వరుసలో నిలబడినంతసేపూ నా చొక్కా అంచు వదలలేదు వాడు. చీము తగ్గింది గాని, ఎడమ చెవికి వినికిడి మునుపటిలా రాలేదు.

కాబట్టి నీ రిజిస్టరులో ప్రతి పేరు పక్కన ఎవరు వెంట వెళ్తారు, ఏ రోజు, తిరిగి వచ్చాక డాక్టరు ఏమన్నారు అనే గడులు గీయించు. పని అప్పగించి మరిచిపోయే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది; అది నా నుంచే వచ్చిందేమో.

2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన పేట అది. వాన పడితే కిటికీ వైపే చూసే పిల్లలుంటారు, వారిని పరధ్యానమని కసరకు. ఇక లైంగిక వేధింపుల అనుమానం వస్తే సమావేశం దాకా ఆగవద్దు. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, పరువు పేరుతో ఎవరు సర్దిచెప్పినా వినకు.

వేళకు అన్నం తిను. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ రిజిస్టరు తెచ్చిపెట్టు. చివరి గడి ఖాళీగా ఉన్న పేర్లే ముందు చూస్తాను.

ఇట్లు,
పెదనాన్న