పర్మిట్ల ఉద్యోగమంటే ఫైళ్లు మోయడమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పూర్తి చేసింది. రోడ్డు పక్కన ఎలక్ట్రిక్ వాహనాలకు ఛార్జర్లు పెట్టే ఒక కంపెనీ ‘పర్మిటింగ్ ఇంజినీర్’గా చేరమంటోంది. స్థానిక సంస్థల నుంచి అనుమతులు తెచ్చే పనట. నాలుగేళ్లు కష్టపడి చదివింది ఆఫీసు గుమ్మాల ముందు నిలబడటానికా అని నా బెంగ. బ్యాటరీ డిజైన్‌లో ఏదైనా దొరికేదాకా ఆగమని చెప్పనా? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీ బెంగలో న్యాయం ఉంది. అయినా వద్దని చెప్పే ముందు ఆ పనేమిటో కాస్త దగ్గరగా చూడండి.

ఇంట్లో పార్కింగ్ ఉన్నవాళ్లు రాత్రి బండికి ప్లగ్ పెట్టి పడుకుంటారు. బండిని వీధిలోనే నిలుపుకునేవాళ్లకు ఆ వీలు లేదు. రోడ్డు పక్క ఛార్జర్లు వాళ్లకోసమే. ఆ ఛార్జర్ పెట్టెను నిలబెట్టి బిగించే పని త్వరగానే అయిపోతుంది. అంతకుముందు కదలాల్సిన ఫైలుకే నెలలు పడుతుంది. కారణం, పెట్టె నిలబడే ఆ కాస్త జాగా మీద చాలామందికి హక్కు ఉండటమే. రోడ్డు ఒక విభాగానిది, వీధిదీపం ఇంకొకరిది, కరెంటు పంపిణీ సంస్థది, పార్కింగ్ నిబంధన ట్రాఫిక్ వాళ్లది. కింద నీటి గొట్టాలు, టెలిఫోన్ కేబుళ్లు, చెట్ల వేళ్లు. వీళ్లలో ఏ ఒక్కరు కొర్రీ వేసినా ఫైలు మళ్లీ మొదటికొస్తుంది.

ఆ కొర్రీ రాకముందే దాన్ని ఊహించి డ్రాయింగ్‌లోనే జవాబు పెట్టగలిగిన మనిషి కంపెనీకి ఎంత విలువైనదో ఆలోచించండి. ఛార్జర్ పెట్టాక ఫుట్‌పాత్ మీద నడవడానికి ఎంత దారి మిగులుతుంది? అమెరికాలో పాదచారుల దారులకు రాసిన మార్గదర్శకాలు కనీసం 48 అంగుళాలు ఖాళీగా ఉండాలంటాయి. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషికి ప్లగ్ అందుతుందా? కేబుల్ దారికి అడ్డంగా వేలాడి, చూపులేనివారి కాళ్లకు చుట్టుకోదు కదా? 7 కిలోవాట్ల ఛార్జర్‌ను ఆ వీధి లైను మోసినా, బండిని త్వరగా నింపే 50 కిలోవాట్ల డీసీ ఛార్జర్‌ను మోస్తుందా, లేక ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలా? ఈ చివరి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మీ అమ్మాయి చదివిన చదువే కావాలి.

ఒక ఉదాహరణ చెబుతాను, నాకు చాలా ఇష్టమైనది. లాస్ ఏంజెలెస్‌లో వీధిదీపాలను తక్కువ కరెంటు తీసుకునే ఎల్ఈడీకి మార్చాక స్తంభాలకు వచ్చే కరెంటులో కొంత సామర్థ్యం మిగిలింది. దాంతో ఆ స్తంభాలకే ఛార్జర్లు తగిలించారు. లండన్ వీధుల్లోనూ దీపస్తంభాల్లో అమర్చిన ఛార్జర్లు ఉన్నాయి. వాటిలో ఛార్జింగ్ నెమ్మదిగానే ఎక్కుతుంది. కానీ రాత్రంతా నిలిపి ఉంచే బండికి అది చాలు. పైగా కొత్తగా తవ్వే పని చాలావరకు తప్పుతుంది, తవ్వకంతో వచ్చే అనుమతుల బాధా తగ్గుతుంది. కరెంటు లెక్క, వీధి లెక్క రెండూ తెలిసినవాళ్లకే ఇలాంటి దారి తోస్తుంది.

చట్టం చదవడం కూడా ఈ పనిలో భాగమే. భారత విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018లో ఛార్జింగ్ స్టేషన్ నడపడానికి విద్యుత్ చట్టం కింద లైసెన్సు అక్కర్లేదని స్పష్టం చేసింది. అది చదివి ఇక అనుమతుల పనే ఉండదనుకుంటే పొరపాటు. కరెంటు అమ్మడానికి లైసెన్సు అక్కర్లేకపోవచ్చు గానీ, పదిమంది నడిచే జాగాలో యంత్రం నిలబెట్టాలంటే ఆ జాగా చూసుకునే సంస్థ ఒప్పుకోవాల్సిందే.

ఇక మీ బెంగలోని న్యాయం సంగతి. కాలిఫోర్నియా 2015లో చేసిన చట్టం, ఛార్జర్ల దరఖాస్తులకు చెక్‌లిస్టు పెట్టి త్వరగా తేల్చమని నగరాలను ఆదేశించింది. 2021లో ఇంకో చట్టం గడువులు కూడా బిగించింది. ఒక చోట 25 దాకా ఛార్జర్లు పెట్టే దరఖాస్తులో లోపాలుంటే 5 పనిదినాల్లో చెప్పాలి. దరఖాస్తు సంపూర్ణమని తేలాక సరైన కారణం చూపకుండా 20 పనిదినాలు దాటితే ఆమోదించినట్టే లెక్క. మిగతా చోట్లా పద్ధతులు ఇలాగే మారుతూ పోతే ఫారాలు నింపడం, ఫైలు ఎక్కడుందో కనుక్కోవడం లాంటి పనులు తగ్గిపోతాయి. మీ అమ్మాయికి ఇస్తామన్నది ఆ పనే అయితే నేనూ వద్దనే అంటాను. వీధి చూసి చోటు ఎంచే పని, డ్రాయింగ్ గీసే పని, విభాగాలను ఒక మాట మీదికి తెచ్చే పని మాత్రం ఏ చెక్‌లిస్టు వచ్చినా మిగులుతాయి.

బ్యాటరీ డిజైన్ మంచి రంగమే. అయితే అందులో ఎదగాలంటే చాలాచోట్ల పైచదువు అడుగుతారు. మీ అమ్మాయికి నిజంగా మనసు అటే ఉంటే పీజీకి సిద్ధం కానివ్వండి, నేను అడ్డు చెప్పను. ఊరికే ఇంట్లో ఎదురుచూడమని మాత్రం అనకండి. చేరితే మొదటి ఏడాదిలోనే డ్రాయింగుల కోసం ఆటోక్యాడ్, మ్యాపుల కోసం జీఐఎస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమనండి. ఈ అనుభవంతో తర్వాత విద్యుత్ పంపిణీ సంస్థలోకో, రవాణా ప్రణాళికలోకో వెళ్లవచ్చు. అనుమతులిచ్చే సంస్థకు సలహాదారుగా అవతలి బల్ల వైపూ కూర్చోవచ్చు.

ఆఫర్ ఒప్పుకునే ముందు కంపెనీని కొన్ని సంగతులు అడగమనండి. సైట్ సర్వేకి తనే వెళుతుందా? లోడ్ లెక్కలు, డ్రాయింగులు తన చేతి మీదుగా నడుస్తాయా? కొర్రీ వచ్చినప్పుడు అధికారులతో సాంకేతికంగా మాట్లాడేది ఎవరు? రెండు, మూడేళ్ల క్రితం ఇదే పనిలో చేరినవాళ్లు ఇప్పుడు ఏ హోదాలో ఉన్నారు? వీలైతే వాళ్లలో ఒకరితో తననే నేరుగా మాట్లాడమనండి. సైట్‌కి వెళ్లనివ్వరని, డ్రాయింగులు వేరేవాళ్లు చూస్తారని తెలిస్తే ఈ ఆఫర్ వదులుకోవచ్చు. అలా కాకపోతే చేరనివ్వండి.