సెకండ్ హ్యాండ్ లైట్నింగ్ ట్రక్కు, ఇంట్లో చార్జర్: 401కే లోన్ తీసి కొనొచ్చా?

ప్రశ్న: మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం అండి. నాది హెచ్1బి వర్క్ వీసా, గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసిన ఐ140 పిటిషన్ అప్రూవ్ అయింది, మా ఆవిడ హెచ్4 ఈఏడీ (హెచ్1బి వాళ్ళ భార్యాభర్తలకి ఇచ్చే వర్క్ పర్మిట్) మీద జాబ్ చేస్తోంది. 2023 ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ ఎలక్ట్రిక్ ట్రక్కు, పెద్ద బ్యాటరీది, 42 వేల డాలర్లకి చూశాను. ఆఫీసుకి రానుపోను రోజుకి 50 మైళ్ళు, ట్రైలర్ లాగే పనేం లేదు. ఎలక్ట్రీషియన్ 80 ఆంప్స్ చార్జర్ కీ ఇంటి మెయిన్ కరెంట్ ప్యానెల్ అప్‌గ్రేడ్ కీ కలిపి 6,800 డాలర్లు చెప్పాడు. 401కే (కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) నుంచి 20 వేలు లోన్ తీసి అందులో చార్జర్ ఖర్చు పోగా మిగిలింది డౌన్ పేమెంట్ కట్టి, మిగతాది 72 నెలల లోన్ పెడదామని ప్లాన్. పాత టొయోటా హైలాండర్ (పెట్రోల్ బండి) కి 9 వేలు వస్తాయంటున్నారు కానీ మూడో బండిగా ఉంచుకుందాం అనుకుంటున్నాం. సేవింగ్స్ 14 వేలు, నెల ఖర్చు 6,500 దాకా అవుతుంది. ఫ్రెండ్ ఒకడు ఎల్ఎల్‌సీ (చిన్న కంపెనీ) పెట్టి ట్రక్కుని రైట్ ఆఫ్ చేసుకోమంటున్నాడు, అంటే బిజినెస్ ఖర్చు కింద చూపించి ట్యాక్స్ తగ్గించుకోమని. కరెంట్ పోతే ట్రక్కు నుంచే ఇంటికి పవర్ వస్తుంది కదా అని కూడా ఆశ. ఏం చేయమంటారు?

జవాబు:

ట్రక్కు మంచిదే అండి, మీ వాడకానికి సరిపోతుంది కూడా, దాని మీద నాకు అభ్యంతరం లేదు. డబ్బు ఎక్కణ్ణుంచి తీస్తున్నారు అన్నదే నన్ను భయపెడుతోంది, అందుకే ముందు ఆ సంగతి మాట్లాడుకుందాం, చార్జర్ దగ్గరికి తర్వాత వద్దాం.

మీ ఇంట్లో రెండు జీతాలు వస్తున్నాయి, కాబట్టి ఒకటి ఆగినా ఇంకోటి ఉంటుందిలే అని ధైర్యంగా ఉంటారు, చాలామంది అలాగే అనుకుంటారు. కానీ మీ ఆవిడ ఈఏడీ మీ హెచ్1బి మీద ఆధారపడి ఉంది, అంటే మీ జాబ్ పోతే మీకు 60 రోజుల గ్రేస్ పీరియడ్ మొదలవుద్ది, ఆ లోపల ఇంకో కంపెనీ మీ పిటిషన్ వేయకపోతే మీ స్టేటస్ తో పాటు ఆవిడ స్టేటస్ కూడా కదిలిపోద్ది. అంటే రెండు జీతాలూ నిలబడింది ఒకే స్తంభం మీద. అలాంటి ఇంటికి 14 వేల సేవింగ్స్ అంటే రెండు నెలల ఖర్చు, సరిగ్గా ఆ 60 రోజులకి సరిపోయేంత, టికెట్లకీ, లాయర్ కీ, ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే దానికీ ఏమీ మిగలదు. వీసా మీద ఉన్నవాళ్ళకి నేను ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలంటాను, మీ లెక్కలో అది 39 వేలు.

ఇప్పుడు దీని మీద 401కే లోన్ పెట్టండి. జాబ్ లో ఉన్నంతకాలం అది బానే ఉంటది, మన డబ్బుకి మనమే వడ్డీ కట్టుకుంటున్నాం అనిపిస్తుంది. జాబ్ మానేసినా తీసేసినా చాలా ప్లాన్లలో మిగిలిన బాకీ అంతా ఒకేసారి కట్టాల్సి వస్తుంది, ఆ సంవత్సరం ట్యాక్స్ రిటర్న్ గడువు లోపల, ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే అక్టోబర్ దాకా, ఆ మొత్తాన్ని ఐఆర్‌ఏ (సొంతంగా తెరిచే రిటైర్మెంట్ ఖాతా) లోకో కొత్త 401కేలోకో వేయకపోతే అదంతా ఆదాయం కింద లెక్కకొస్తుంది, రిటైర్మెంట్ వయసు రానివాళ్ళకి పైన 10 శాతం పెనాల్టీ కూడా పడుద్ది. జీతం ఆగిన నెలల్లోనే, ఆటో లోన్ ఈఎంఐ కూడా నెత్తిన ఉన్నప్పుడే ఈ పని చేయాలి. కష్టం వస్తే కాపాడాల్సిన డబ్బే కష్టాన్ని పెంచేలా తయారవుద్ది, అందుకే వద్దంటున్నాను, గట్టిగానే వద్దంటున్నాను.

మీ ప్లాన్ ప్రకారం నెలకి ఎంత పడుద్దో వేసి చూశాను. 20 వేల నుంచి చార్జర్ కి 6,800 పోతే డౌన్ పేమెంట్ కి 13,200 మిగిలింది, టెక్సస్ సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం కలుపుకుంటే లోన్ 31,400 చిల్లర. వడ్డీ 7 శాతం అనుకుంటే 72 నెలలకి నెలకి 535 దాకా. 401కే లోన్ ఐదేళ్ళలో తీర్చాలి, 8 శాతం అనుకుంటే ఇంకో 405. మొత్తం 940. ఇన్సూరెన్స్ ఇందులో లేదు, వాడిన బండి అయినా కొనేముందే మీ ఏజెంట్ దగ్గర కోట్ తీసుకోండి, బాడీ రిపేర్లు ఖరీదు కాబట్టి ప్రీమియం చూసి ఉలిక్కిపడేవాళ్ళు ఉన్నారు.

దీనికి ఎదురుగా పెట్రోల్ ఆదా ఎంత? లైట్నింగ్ చార్జింగ్ లో పోయేదాంతో కలిపి సుమారు మైలుకి అర యూనిట్ తాగుద్ది, యూనిట్ అంటే కిలోవాట్ అవర్. వీకెండ్స్ తో కలిపి నెలకి 1,200 మైళ్ళు వేసుకుంటే 600 యూనిట్లు, యూనిట్ 15 సెంట్లు అయితే 90 డాలర్లు. అవే మైళ్ళకి హైలాండర్ గ్యాలన్ కి 20 ఇస్తే 60 గ్యాలన్లు, గ్యాలన్ 3 డాలర్లు అనుకుంటే 180. అంటే నెలకి 90 మిగులుద్ది, ఏడాదికి 1,080, అందులోంచి టెక్సస్ ఈవీలకి (ఎలక్ట్రిక్ బండ్లకి) ఏటా రిజిస్ట్రేషన్ తో పాటు వసూలు చేసే 200 తీసేస్తే 880. నెలకి 73 డాలర్లు మిగలడానికి 940 కడుతున్నారు. పెట్రోల్ మిగులుద్ది కాబట్టి ట్రక్కు కొంటున్నాం అని మాత్రం అనుకోవద్దు, ట్రక్కు ఇష్టం కాబట్టి కొంటున్నాం అనుకోండి, అప్పుడు ఎంత దాకా పెట్టొచ్చో మీకే తెలుస్తుంది. పైగా ఈ ఆదా అంతా ఇంట్లో చార్జ్ చేస్తేనే, రోడ్డు మీద ఫాస్ట్ చార్జర్ల దగ్గర యూనిట్ కి 50 సెంట్లు పెడితే ఆ 600 యూనిట్లకే 300 అవుద్ది, హైలాండరే నయం.

అందుకని ఇంటి చార్జింగ్ కుదరాల్సిందే, కానీ 6,800 పెట్టి కాదు.

ఎలక్ట్రీషియన్ ఆ ట్రక్కు ఎంత తీసుకోగలదో చూసి కోట్ ఇచ్చాడు, మీకు రాత్రికి ఎంత కావాలో అడగలేదు. 80 ఆంప్స్ చార్జర్ గంటకి 19.2 యూనిట్లు పోస్తుంది, నిజమే, కానీ గంటల తరబడి ఆగకుండా లాగే లోడ్ కాబట్టి కోడ్ ప్రకారం బ్రేకర్ లో 80 శాతమే వాడాలి, అంటే 80 ఆంప్స్ కి 100 ఆంప్స్ బ్రేకర్ కావాలి, ఆ 100 మీ ప్యానెల్ లో పట్టదు కాబట్టే ప్యానెల్ మార్చాలంటున్నాడు. మీకు రోజుకి కావాల్సింది 50 మైళ్ళు, 25 యూనిట్లు. 40 ఆంప్స్ బ్రేకర్ వేసి 32 ఆంప్స్ తీసుకుంటే గంటకి 7.7 యూనిట్లు వస్తాయి, మూడుంపావు గంటల్లో అయిపోద్ది. 30 ఆంప్స్ బ్రేకర్ వేసినా, బట్టల డ్రయర్ కి ఉండేలాంటిది, 5.8 చొప్పున నాలుగున్నర గంటలు. అంతెందుకు, 240 వోల్టుల 20 ఆంప్స్ సర్క్యూట్ లాగినా ఆరున్నర గంటల్లో నిండిపోద్ది, మీరు పడుకునేదే అంతసేపు. మామూలు 120 వోల్టుల ప్లగ్ మాత్రం ఈ ట్రక్కుకి చాలదు, గంటకి 1.4 యూనిట్లే, రాత్రంతా పెట్టినా పాతిక మైళ్ళు దాటదు.

80 ఆంప్స్ కావాల్సింది ఎవరికంటే, పొద్దున్నుంచి ట్రైలర్ లాగి బ్యాటరీ ఖాళీ చేసుకుని ఇంటికొచ్చి మళ్ళీ తెల్లారే బయల్దేరే కాంట్రాక్టర్ కి. ఆ పని మీకు లేదు.

కాబట్టి ఇంకో ఇద్దరు లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్లని పిలిచి "32 ఆంప్స్ చాలు, ప్యానెల్ మార్చకుండా కుదురుతుందా, లోడ్ కాలిక్యులేషన్ కాగితం మీద చూపించండి" అనండి. మీ ఇంట్లో స్టవ్, హీటింగ్ గ్యాస్ మీద నడిచేవి అయితే చాలావరకు చోటు దొరుకుద్ది, దొరక్కపోతే ఏసీ గట్టిగా నడిచేటప్పుడు తనంతట తనే చార్జింగ్ తగ్గించుకునే చార్జర్లు ఉన్నాయి, అవీ ప్యానెల్ మార్చడం కన్నా చవకే. పర్మిట్ తీయించండి. వీలైతే ప్లగ్ పెట్టించకుండా వైర్ ని నేరుగా చార్జర్ లోకి కలిపించండి, రోజూ గంటల తరబడి వేడెక్కితే చవకరకం 14-50 (240 వోల్టుల) సాకెట్లు కరిగిపోవచ్చు, సాకెట్టే కావాలంటే ఇండస్ట్రియల్ గ్రేడ్ ది వేయమనండి, నలభై యాభై డాలర్ల దగ్గర చూసుకోవద్దు. చార్జర్ ఏ గోడకి పెట్టాలో కూడా ముందే తేల్చుకోండి, లైట్నింగ్ చార్జింగ్ పోర్ట్ డ్రైవర్ వైపు ముందు ఫెండర్ మీద ఉంటది, ట్రక్కు పొడవు 19 అడుగుల పైమాటే, 20 అడుగుల గరాజ్ లో తలుపు పడినా ముందు నడవడానికి చోటుండదు, టేప్ పెట్టి కొలవకుండా వైర్ లాగించకండి.

చార్జర్ ఖర్చులో 30 శాతం, వెయ్యి డాలర్లు మించకుండా, ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ ఒకటి పెట్టారు, ఫారం 8911. 2026 జూన్ 30 లోపల బిగించి వాడకంలోకి తెచ్చినవాటికే అది, పైగా ఇల్లు తక్కువ ఆదాయం ఉన్న ఏరియాలోనో ఊళ్ళకి దూరంగానో ఉన్న సెన్సస్ ట్రాక్ట్ (జనాభా లెక్కల కోసం విడగొట్టిన ఏరియా) లో పడాలి. మీ అడ్రస్ మ్యాప్ లో చూసుకోండి, వస్తే మంచిదే, అది వస్తుందని బడ్జెట్ వేసుకోకండి. బండి మీద ఏమైనా క్రెడిట్ వస్తుందని డీలర్ చెబితే నమ్మొద్దు, కొత్త ఈవీల 7,500, వాడిన ఈవీల 4,000 రెండూ 2025 సెప్టెంబర్ 30 తో ఆగిపోయాయి. ఆటో లోన్ వడ్డీకి కొత్తగా వచ్చిన డిడక్షన్ కూడా అమెరికాలో అసెంబుల్ అయిన కొత్త బండ్లకే, సెకండ్ హ్యాండ్ కి లేదు.

కరెంట్ ప్లాన్ సంగతి. టెక్సస్ లో "ఫ్రీ నైట్స్" అని ఊరిస్తుంటారు, రాత్రి ఉచితం కానీ పగటి రేటు బాగా పెంచేస్తారు, హ్యూస్టన్ ఎండల్లో పగలంతా ఏసీ నడిచే ఇంట్లో ట్రక్కు మీద మిగిలింది ఏసీ మీద పోద్ది. ప్రతి ప్లాన్ కీ ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ ఉంటది, అందులో 500, 1,000, 2,000 యూనిట్లకి సగటు రేటు ఎంతో రాసి ఉంటది. ట్రక్కు వస్తే మీ వాడకం నెలకి 600 పెరుగుద్ది కాబట్టి పాత వాడకానికి 600 కలిపి ఆ లెక్కలో చూడండి, వెయ్యి యూనిట్ల దగ్గర బిల్ క్రెడిట్ ఇచ్చే ప్లాన్లు పైకి వెళ్ళేకొద్దీ ఖరీదైపోతాయి.

ఎల్ఎల్‌సీ గురించి మీ ఫ్రెండ్ మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటాడు, కానీ దాని జోలికి వెళ్ళకండి. ట్రక్కు ధరని ఒకేసారి రైట్ ఆఫ్ చేయాలంటే సగం కన్నా ఎక్కువ మైళ్ళు బిజినెస్ కోసమే తిరగాలి, ఆఫీసుకి వెళ్ళిరావడం బిజినెస్ కింద రాదు, జీతం మీద పనిచేసేవాళ్ళు సొంత బండి ఖర్చుని తీసుకోలేరు. ఇంకా ముఖ్యమైంది, హెచ్1బి మీద మీరు మీ స్పాన్సర్ కంపెనీకి తప్ప ఇంకెవరికీ, సొంత ఎల్ఎల్‌సీకి కూడా, పని చేయకూడదు. నేను బిజినెస్ నడుపుతున్నాను, ఇన్ని మైళ్ళు తిరిగాను అని ట్యాక్స్ రిటర్న్ లో మీ సంతకంతో రాసి ఇవ్వడం అంటే గ్రీన్ కార్డ్ ఫైల్ లోకి మీరే కాగితం ఇచ్చినట్టు.

కరెంట్ పోయినప్పటి మాట మాత్రం నాకు అర్థమవుతుంది. 2024 జులైలో బెరిల్ తుఫాను వచ్చినప్పుడు హ్యూస్టన్ చుట్టుపక్కల 22 లక్షల కనెక్షన్లకి పైగా కరెంట్ పోయింది, 2021 ఫిబ్రవరి మంచు సంగతి సరే సరి, చిన్నపిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న ఇళ్ళలో ఆ రోజులు ఎలా గడిచాయో ఇక్కడున్నవాళ్ళకి తెలుసు. దీనికోసం ట్రక్కు నుంచి ఇల్లంతా నడిపే సిస్టం పెట్టాలంటే ఆ 80 ఆంప్స్ చార్జర్ తో పాటు ఇన్వర్టర్ సెట్ కూడా కావాలి, వేలల్లో ఖర్చు. కానీ ట్రక్కులోనే ప్లగ్గులు ఉంటాయి, కొన్ని ట్రిమ్స్ లో (అదే మోడల్ లో ఖరీదైన రకాల్లో) అన్నీ కలిపి 9.6 కిలోవాట్లు, కిందవాటిలో 2.4. ఫ్రిజ్, రౌటర్, ఫ్యాన్లు, లైట్లు 2.4 తోనే నడుస్తాయి, బయట వాడే మందపాటి ఎక్స్‌టెన్షన్ వైర్ చాలు. ఇల్లు సగటున ఒక కిలోవాట్ లాగితే పెద్ద బ్యాటరీలోని 131 యూనిట్లు ఐదు రోజులు వస్తాయి, చిన్నదాంట్లోని 98 నాలుగు రోజులు. డ్రయర్ ప్లగ్ లోకి వెనక నుంచి కరెంట్ పంపడం లాంటివి మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, ఆ కరెంట్ లైన్ లోకి వెళ్తే బయట స్తంభం మీద పనిచేసేవాడి ప్రాణం పోద్ది.

ఇప్పుడు నేనైతే ఏం చేయమంటానంటే, కొనడం ఓ ఏడాది ఆపండి. ట్రక్కుకి కట్టడానికి సిద్ధపడ్డ ఆ 940 ని ఇవాళ్టి నుంచే విడిగా హై ఈల్డ్ సేవింగ్స్ లో వేయండి, ఏడాదికి 11 వేల పైన అవుద్ది, బోనస్ లాంటివి వస్తే అవీ అందులోనే పడేయండి. సేవింగ్స్ పాతిక వేలు దాటాక ట్రక్కు చూడండి, ఆ తర్వాత కూడా 39 వేలు అయ్యేదాకా ఎంతో కొంత వేస్తూనే ఉండండి. అప్పుడు హైలాండర్ ని అదే డీలర్ కి ట్రేడ్ ఇన్ ఇచ్చేయండి, టెక్సస్ లో ట్రేడ్ ఇన్ పోగా మిగిలిన ధర మీదే సేల్స్ ట్యాక్స్, 9 వేల మీద 560 డాలర్లు అక్కడే మిగులుతాయి, మూడో బండి ఇన్సూరెన్స్ కూడా తప్పుద్ది. పెద్ద బ్యాటరీ బదులు చిన్నది, 240 మైళ్ళు వెళ్ళేది చూడండి, రోజుకి 50 మైళ్ళకి అది ఎక్కువే, డాలస్ వెళ్ళేటప్పుడు మధ్యలో ఒకసారి ఆగుతారు అంతే. లోన్ 60 నెలలు దాటనివ్వకండి. ఫోర్డ్ ఈ పూర్తి బ్యాటరీ లైట్నింగ్ తయారీ ఆపేస్తున్నట్టు 2025 డిసెంబర్ లో చెప్పేసింది, ఇలాంటి మోడల్ రేటు ఎటు పోతుందో తెలీని బండి మీద ఆరేళ్ళ అప్పు పెడితే బండి విలువ కన్నా బాకీ ఎక్కువైపోయే ప్రమాదం ఉంది, ఇండియా తిరిగి వెళ్ళాల్సి వచ్చి హడావిడిగా అమ్మితే ఆ తేడా జేబులోంచి కట్టాలి.

కొనేటప్పుడు బ్యాటరీ వారంటీ ఎన్నాళ్ళు మిగిలిందో చూసుకోండి, మొదటిసారి అమ్మిన రోజు నుంచి ఎనిమిదేళ్ళు లేదా లక్ష మైళ్ళు, ఏది ముందైతే అది, ఓనర్ మారినా కొనసాగుద్ది. బండితో పాటు ఫోర్డ్ వాళ్ళ వెంట తీసుకెళ్ళే చార్జింగ్ కేబుల్ ఇస్తున్నారా అని అడగండి, అది 240 వోల్టుల సాకెట్ కి పెట్టుకునేదే, అది చేతికొస్తే గోడకి వేరే చార్జర్ కొనక్కర్లేదు, మంచి సాకెట్ ఒకటి వేయిస్తే చాలు. ఈ లోపు మీ 401కే ప్లాన్ డాక్యుమెంట్, ఇద్దరు ఎలక్ట్రీషియన్ల ఖర్చు అంచనాలు వచ్చాక నాకు పంపండి, లోన్ నెల లెక్క మళ్ళీ కలిసి వేద్దాం.